తొండలకు ఏప్రిల్, ఖజానాకు మార్చి: పరిశోధన నిధులపై పాఠకుల ప్రశ్నలు

పరిశోధన ప్రాజెక్టుల నిధులు, లెక్కల గురించి ప్రశ్నలు పంపవలసిందిగా రెండు నెలల కిందట ఈ శీర్షికలో కోరాము. బెంగళూరులోని తెలుగు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, జంతువు ఎండను, వానను, ఆకలిని ఎలా తట్టుకుని బతుకుతుందో ఆరుబయట చూసేవారివి, వారి లెక్కలు రాసేవారివి. ఇది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఈ నగరంలోనే ఒక పరిశోధన సంస్థ ప్రాజెక్టుల విభాగంలో 26 ఏళ్లు పనిచేశాను. ఫైళ్లలో అందరికంటే ఎక్కువ చిక్కులు పడేది ఈ శాస్త్రవేత్తలే. వారి పని ప్రాణుల ఋతువుతో ముడిపడి ఉంటుంది, వారి డబ్బు ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగిసే ఆర్థిక సంవత్సరంతో ముడిపడి ఉంటుంది. ఉత్తరాలు రాసినవారు ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్నందువల్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అయ్యా, నేను యలహంక వైపు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. సొంతూరు హిందూపురం. నంది కొండల చుట్టుపక్కల, నగరంలోని ఖాళీ స్థలాల్లో రాతి తొండలు ఎండను ఎలా తట్టుకుంటున్నాయో చూసే మూడేళ్ల ప్రాజెక్టు మంజూరైంది. ఉత్తర్వు నవంబరులో వచ్చింది, నిధులు జనవరి మూడో వారంలో అందాయి. మగ తొండలు రంగు తేలి జతకట్టే కాలం ఏప్రిల్ వచ్చాకే మొదలవుతుంది. మా లెక్కల విభాగం మాత్రం మార్చి 31 లోపు ఖర్చు చేయకపోతే డబ్బు వెనక్కి పోతుందని తొందరపెడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ లెక్కల విభాగం చెప్పిన మాటలో సగమే నిజం. మూడేళ్లకు మంజూరైన మొత్తం వేరు, ఈ ఆర్థిక సంవత్సరంలో వాడుకోవడానికి ఇచ్చిన మొత్తం వేరు. పూర్వం మంజూరు సొమ్ము సంస్థ బ్యాంకు ఖాతాలోకి వచ్చి అక్కడే నిలవ ఉండేది. ఇప్పుడు కేంద్ర పథకాల్లో చాలావాటికి జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతి వచ్చింది. అంటే సొమ్ము ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, ఇంతవరకు వాడుకోవచ్చునన్న పరిమితి మాత్రం మీకు ఇస్తారు, బిల్లు చెల్లించిన రోజున ఆ మేరకు డబ్బు కదులుతుంది. వాడకుండా మిగిలిన పరిమితి మార్చి 31తో రద్దవుతుంది. అంతమాత్రాన మీ ప్రాజెక్టుకు మంజూరైన మొత్తం తగ్గిపోదు. మీకు అసలు ప్రమాదం కాలం పోవడంలో ఉంది: కొత్త ఏడాది విడుదల కోసం, ఇచ్చిన సొమ్ము దేనికి వాడారో తెలిపే వినియోగ ధ్రువపత్రం, ఖర్చుల పట్టిక పంపాలి, వాటిని అక్కడ పరిశీలించాలి, ఈలోగా మీకు కావలసిన ఏప్రిల్, మే నెలలు కళ్ల ముందే గడిచిపోవచ్చు. కాబట్టి మార్చి దాకా ఆగకుండా ఫిబ్రవరి మొదటి వారంలోనే నిధులిచ్చిన సంస్థకు ఒక ఉత్తరం రాయండి. ఈ మార్చికి ఎంత ఖర్చవుతుంది, ఎంత మిగులుతుంది, ఏప్రిల్‌లో ఏ పనికి ఎంత కావాలి, ఆ పని జూన్‌కు వాయిదా వేస్తే ఎందుకు పనికిరాదు అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు. తొండల జతకట్టే కాలం గురించి ఆ కార్యాలయంలోని గుమస్తాకు మీరు చెప్తే తప్ప తెలిసే అవకాశం లేదు.

ఇక ఈ రెండు నెలల్లో చేయవలసిన పని మీరు అనుకుంటున్నదానికంటే ఎక్కువే ఉంది. తొండ శరీరం పట్టేంత పొడవు, లావు ఉన్న రాగి గొట్టం ముక్కలు తీసుకుని, లోపల ఉష్ణోగ్రతను నమోదు చేసే చిన్న లాగర్ అమర్చి, రెండు చివరలూ మూసి, తొండ చర్మం వేడిని ఎంత పీల్చుకుంటుందో దాదాపు అంతే పీల్చుకునే రంగు పూసి, వాటిని బండ మీద ఒకటి, బండ సందులో ఒకటి, తుమ్మ చెట్టు నీడలో ఒకటి పెట్టే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ నిజంగా ఒక తొండ కదలకుండా కూర్చుంటే దాని ఒళ్లు ఎంత వేడెక్కుతుందో ఆ గొట్టం చెబుతుంది. దీనికి తొండలు రంగు తేలవలసిన పని లేదు, మార్చి ఎండ ఉంటే చాలు. జతకట్టే కాలానికి ముందు నెలల్లో బండల వేడి ఎంతో తెలియకపోతే ఆ తర్వాత తొండల మీద తీసిన కొలతలకు పోల్చి చూసే ఆధారమే ఉండదు. కనుక రాగి గొట్టాలు, లాగర్లు, వాటిని సరిచూసే థర్మామీటరు, క్షేత్రానికి వెళ్లే వాహనం, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నియామకం, అటవీ శాఖ అనుమతి దరఖాస్తు, ఇవన్నీ జనవరి నుంచి మార్చి మధ్య జరగవలసిన పనులే, జరిగితే న్యాయమైన ఖర్చులే.

చేయకూడని పని ఒకటుంది. మార్చి నెలాఖరులో ఏదో ఒకటి కొనేయడం. నేను పనిచేసిన రోజుల్లో ఒక ప్రాజెక్టులో ఉష్ణోగ్రత, తేమ నియంత్రించే పెద్ద ఛాంబర్‌ను మార్చి 28న దింపుకున్నారు. దానికి త్రీఫేజ్ విద్యుత్తు కావాలి. ప్రయోగశాల ఉన్న భవనంలో ఆ కనెక్షన్ లేదు, దానికి అంచనా వేయించి మంజూరు తెచ్చుకునేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. చెక్కపెట్టె మేకులు ఊడదీసేనాటికి పన్నెండు నెలల వారంటీ ఆ పెట్టెలోనే ముగిసిపోయింది. కంప్రెసర్ మొదటి వారమే మొరాయించింది. కాగితం మీద ఆ ఏడాది ఖర్చు నూటికి నూరుపాళ్లు జరిగింది, పని మాత్రం ఒక్క రోజు జరగలేదు. అలాగే ఏప్రిల్, మే ప్రయాణాలకు ట్రావెల్స్ వారికి మార్చిలోనే డబ్బు కట్టి ఖర్చు రాయడం కూడా తప్పే. అడ్వాన్సు అడ్వాన్సే, పని జరిగి బిల్లు వచ్చినప్పుడే అది ఖర్చవుతుంది.

మరొక మాట. మూడేళ్ల ప్రాజెక్టు అంటే మూడు ఋతువులు అనుకుని పట్టిక వేసుకోవద్దు. నిధులు అందే నెల మన చేతిలో లేదు కనుక మూడేళ్లలో నమ్మకంగా చేతికొచ్చేవి రెండు ఋతువులే. నమూనా సంఖ్యను ఆ రెండింటికే సరిపడేలా లెక్కించండి. మూడోది దక్కితే మేలే. గడువు పొడిగింపు అవసరమైతే ప్రాజెక్టు ముగియడానికి నెలల ముందే, అదనపు డబ్బు అడగకుండా, ఏ నెలల పని ఎందుకు తప్పిపోయిందో చూపించి కోరండి. గడువు దాటాక చేసిన ఖర్చును ఏ ఆడిటరూ ఒప్పుకోడు. మంజూరు ఉత్తర్వులో ప్రారంభ తేదీగా దేన్ని లెక్కించాలో రాసి ఉంటుంది. ఉత్తర్వు తేదీకి, నిధులు అందిన తేదీకి మధ్య మీకు రెండు నెలల తేడా ఉంది గనక ముందుగా ఆ వాక్యం వెతికి చదవండి.

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి విరమించాను, రాజాజీనగర్‌లో ఉంటాను. తొండలు, కప్పలు, సీతాకోకచిలుకల శరీరధర్మం మీద ప్రభుత్వం లక్షలు ఖర్చుచేయడం అవసరమా? అడిగితే మా మేనల్లుడు నొచ్చుకున్నాడు. అతను ఆ పరిశోధనే చేస్తున్నాడు.

జవాబు: పన్ను కట్టేవారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. మేనల్లుడు నొచ్చుకోకుండా జవాబు చెప్పవలసింది, అతని తరఫున నేను ప్రయత్నిస్తాను.

తొండ తన ఒంట్లో వేడి తానే పుట్టించుకోలేదు. పొద్దున ఎండ కాగి ఒళ్లు వెచ్చబడ్డాకే పురుగును తరమగలదు, మధ్యాహ్నం బండ మరీ కాగితే సందులోకి దూరి కూర్చోవాలి. దాక్కున్న ప్రతి గంటా తిండి లేని గంటే. ఆ గంటలు గుడ్లు తయారయ్యే నెలల్లో పెరిగితే ఆడతొండకు గుడ్లు పెట్టేంత సత్తువ చాలదు. ఏ ఒక్క తొండా ఎండదెబ్బకు చావకుండానే ఒక చోటి తొండల సంతతి మొత్తం అంతరించిపోగలదన్నమాట. బ్యారీ సినెర్వో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు మెక్సికోలో 200 చోట్ల పూర్వం నమోదైన బల్లిజాతి సంతతులను మళ్లీ వెతికి, 1975 తర్వాత వాటిలో 12 శాతం స్థానికంగా అంతరించినట్టు 2010లో ప్రకటించారు. అవి పోయిన చోట్లకూ, దాక్కోవలసిన గంటలు పెరిగిన చోట్లకూ మధ్య వారు సంబంధం చూపించగలిగారు. జంతువు శరీరధర్మం తెలియకపోతే ఆ సంబంధం కనిపించేదే కాదు, బల్లులు తగ్గాయన్న మాట దగ్గరే ఆగిపోయేవారు.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే హిందూపురం, రామనగర పట్టుగూళ్ల మార్కెట్లకు వచ్చే రైతును అడగండి. పట్టుపురుగుల గది సుమారు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని, వేడి పెరిగితే తడి గోనెపట్టాలు కట్టాలని ఆయన చెబుతాడు. పురుగు ఏ వేడిలో ఎంత ఆకు తిని ఎంత దారం ఇస్తుందో ఎవరో ఓపికగా కొలిచినందువల్లే ఆ సంఖ్య రైతు నోట పలుకుతోంది. పురుగు మారినా, జంతువు మారినా కొలిచే విద్య ఒకటే. డెన్మార్క్‌కు చెందిన ఆగస్ట్ క్రోగ్ 1920లో నోబెల్ బహుమతి పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. ప్రతి ప్రశ్ననూ సులువుగా పరిశీలించడానికి తగిన జంతువు ఏదో ఒకటి ఉంటుందన్నది ఆయన చూపిన దారి, నేటికీ ఈ శాస్త్రం ఆ దారినే నడుస్తోంది.

ఖర్చు సంగతికొస్తే, యువ పరిశోధకులకిచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు పరిమితి మూడేళ్లకు 60 లక్షలు, నిర్వహణ ఖర్చులకు సంస్థకిచ్చే ఓవర్‌హెడ్ అదనం. అందులోనే జీతాలు, పరికరాలు, ప్రయాణాలు అన్నీ ఇమడాలి. బ్యాంకులో లెక్కలు చూసినవారు గనక, అది పెద్ద మొత్తమో కాదో మీరే చెప్పగలరు. ఆ డబ్బు సరిగా ఖర్చవుతోందా అని మాత్రం గట్టిగా అడగండి. ఆ ప్రశ్న అడగడం మీ హక్కు.

ప్రశ్న: జాలహళ్లిలోని ఒక డిగ్రీ కళాశాలలో అకౌంట్స్ అసిస్టెంట్‌ను. మా జీవశాస్త్రం మేడమ్ గారికి తొలిసారి కేంద్ర ప్రాజెక్టు వచ్చింది. వినియోగ ధ్రువపత్రం రెండుసార్లు తిప్పి పంపారు. ఆర్డరు పెట్టిన డీప్ ఫ్రీజరు ఇంకా రాలేదు గాని రావడం ఖాయమని ఖర్చులో చూపాను. బ్యాంకు వడ్డీ చిన్న మొత్తమే గనక రాయలేదు. ఇవేనా తప్పులు? మేడమ్ గారి ముందు తల ఎత్తుకోలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ఇవి ప్రతి కళాశాలలో మొదటి ప్రాజెక్టులో జరిగే తప్పులే, దిద్దుకోవచ్చు. ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, అంటే 2017 నాటి జీఎఫ్ఆర్, ఇచ్చిన 12-ఏ నమూనాను ఎదురుగా పెట్టుకుని ఒక్కో గడీ ఏమడుగుతోందో చూడండి. గత ఏడాది మిగులు, దాని మీద వచ్చిన వడ్డీ, ఆ వడ్డీలో తిరిగి జమచేసినది, ఈ ఏడాది ఏ ఉత్తర్వు కింద ఏ తేదీన ఎంత వచ్చింది, మొత్తం అందుబాటు, ఖర్చు, ముగింపు నిల్వ అనే వరసలో అది నడుస్తుంది. ఖర్చును సాధారణ గ్రాంటు, జీతాలు, ఆస్తుల కల్పన అని విడివిడిగా చూపమంటుంది. ఫ్రీజరు రాలేదు గనక, డబ్బు చెల్లించలేదు గనక అది ఖర్చు కాదు. ఖర్చుల పట్టికలో చెల్లించవలసి ఉన్న మొత్తంగా వేరే చూపవచ్చు గాని ధ్రువపత్రంలోని ఖర్చులో కలపకూడదు. వచ్చాక దాన్ని ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి, ప్రాజెక్టు పేరు, సంఖ్య ఆ ఫ్రీజరు మీదే రాయించండి.

వడ్డీ ఎంత చిన్నదైనా మనది కాదు. గ్రాంటు మీద వచ్చిన వడ్డీని లెక్కలు ముగిశాక భారత సంచిత నిధికి జమచేయాలని నియమం. ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా కట్టి ఆ రసీదును ధ్రువపత్రంతో జతచేయండి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోపు ధ్రువపత్రం పంపవచ్చునని నియమావళి అంటుంది, కాని తర్వాతి విడత కావలసినవారికి ఆ పన్నెండు నెలలు లేనట్టే. ఏప్రిల్‌లోనే పంపాలి.

నాకు జరిగింది చెబుతాను. ఒక ప్రాజెక్టులో గత ఏడాది ముగింపు నిల్వకు, ఈ ఏడాది ప్రారంభ నిల్వకు 418 రూపాయల తేడా వచ్చింది. బ్యాంకు ఏవో ఛార్జీలు కోసుకుంది. మా గుమస్తా పాత ధ్రువపత్రం చూడకుండా పాస్‌పుస్తకంలోని అంకె వేశాడు, నేను పోల్చి చూడకుండా సంతకం చేశాను. కాగితాలు పోవడం, రావడం, వివరణ అడగడం, ఇవ్వడం, ఇవన్నీ ముగిసి రెండో విడత సెప్టెంబరులో వచ్చింది. ఆ ప్రాజెక్టు కర్ణాటక కొండప్రాంతమైన మలెనాడులో తొలకరి వానలకు కూత పెట్టే కప్పల మీద. జూన్ మొదటి వానలకు అక్కడ ఉండవలసిన అమ్మాయి, అద్దెకు మాట్లాడుకున్న గదిని వదులుకుని బెంగళూరులోనే ఉండిపోయింది. ఆమె థీసిస్ ఒక ఏడాది వెనక్కి జరిగింది. ఆనాటి నుంచి ప్రతి ధ్రువపత్రం పక్కన పోయిన ఏటి ధ్రువపత్రం పెట్టి, ముగింపు అంకె కింద వేలు పెట్టి, ప్రారంభ అంకెతో పైకి చదివి పోల్చనిదే సంతకం చేయలేదు. మీరూ అలా చేయండి. తల ఎత్తుకునే ఉండండి, తిప్పి పంపిన కాగితం శిక్ష కాదు.

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో సంవత్సరం. పశ్చిమ కనుమల కప్పలను క్షేత్ర కేంద్రానికి తెచ్చి, రాత్రిపూట అవి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచి, మళ్లీ వదిలేయాలని నా ప్రతిపాదన. జర్మనీలోని సహపరిశోధకుడికి చర్మం మీది నమూనాలు పంపాలనుంది. అనుమతులకు ఎంత సమయం పెట్టుకోవాలి, బడ్జెట్‌లో ఏం రాయాలి?

జవాబు: ఒక ఋతువు మొత్తం అనుమతులకే పెట్టుకోండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, అడవిలో పని మొదలుపెట్టిన తర్వాత కాగితం లేదని ఆగిపోవడం కంటే ఇదే మేలు.

మొదటిది మీ సంస్థలోని జంతు నైతిక సంఘం. జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ నియమాల కింద నమోదైన ఆ సంఘానికి కప్పను ఎంతసేపు మూసిన కొలత పెట్టెలో ఉంచుతారు, ఆక్సిజన్ ఎంతకు తగ్గితే ప్రయోగం ఆపేస్తారు, తేమ ఎలా కాపాడతారు అన్నవి రాయాలి. రెండోది అటవీ శాఖ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు షెడ్యూళ్ల (జాతుల జాబితాల) స్థానంలో నాలుగే ఉన్నాయి. మీ సీనియర్ల పాత దరఖాస్తును నకలు చేస్తే షెడ్యూలు సంఖ్య తప్పుతుంది, దరఖాస్తు తిరిగొస్తుంది. ఒకటో షెడ్యూలులోని జాతి అయితే కేంద్రం ముందస్తు అనుమతి కూడా కావాలి. వచ్చిన అనుమతిలో జాతి పేరు, సంఖ్య, ప్రదేశం, తేదీలు ఉంటాయి. వాటిలో ఒక్కటి దాటినా అది అనుమతి లేని పనే. నకలు ఒకటి ఎప్పుడూ జీపులో ఉండాలి, చెక్‌పోస్టు దగ్గర ఫోన్లో చూపిస్తామంటే అక్కడ సిగ్నల్ ఉండదు.

మూడోది జర్మనీ మాట. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు మన జీవవనరులను పరిశోధనకు పొందాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి, దాని కార్యాలయం చెన్నైలో ఉంది. ప్రభుత్వ సంస్థల మధ్య కేంద్రం ఆమోదించిన ఉమ్మడి ప్రాజెక్టులకు కొన్ని మినహాయింపులున్నాయి గాని, మీ ప్రాజెక్టు ఆ కోవలోకి వస్తుందో లేదో మీ సంస్థ రాతపూర్వకంగా తేల్చాలి, స్నేహపూర్వకంగా ఒక గొట్టం కవర్లో పెట్టి పంపడం కుదరదు. సాధ్యమైతే ఆ విశ్లేషణ బెంగళూరులోనే చేయించుకోవడం గురించి ఆలోచించండి. ఈ నగరంలో ఆ సదుపాయాలకు కొదవ లేదు.

బడ్జెట్‌లో అందరూ మరచిపోయేవి చెబుతాను. మీతో రాత్రంతా వాగు వెంట నడిచే ఊరి మనిషికి ఇచ్చే కూలి. చేతి తొడుగులు, ప్రతి వాగు దాటాక బూట్లు కడిగే క్రిమిసంహారకం. కప్పలను చంపే కైట్రిడ్ శిలీంధ్రం పశ్చిమ కనుమల్లోనూ నమోదైంది, ఒక వాగు నుంచి ఇంకో వాగుకు దాన్ని మోసుకెళ్లేది మన బూట్లు కాకూడదు. కప్పను ఎక్కడ పట్టారో అక్కడే వదలాలంటే మళ్లీ అంతదూరం వెళ్లాలి, కాబట్టి వాహనం కిలోమీటర్లను రెట్టింపు వేయండి. ఇవన్నీ ఏ పద్దు కింద వస్తాయో ప్రతిపాదనలోనే స్పష్టంగా రాయాలి. సాధారణంగా పునరావృత పద్దుల (ప్రయాణాలు, వాడి పారేసే సామగ్రి వంటి ఏటేటా వచ్చే ఖర్చుల) మధ్య సర్దుబాటుకు కొంత వెసులుబాటు ఉంటుంది, పరికరాల డబ్బును ప్రయాణాలకు మళ్లించడానికి మాత్రం ముందస్తు ఆమోదం కావాలి.

ప్రశ్న: హెబ్బాళ ప్రాంతంలోని ఒక కేంద్ర సంస్థలో శాస్త్రవేత్తను. జంతువుల జీవక్రియ రేటు కొలవడానికి కార్బన్ డయాక్సైడ్ అనలైజరు దిగుమతి చేసుకోవాలి. మంజూరైన మొత్తం చాలడం లేదు. కొనుగోలు నియమాలు మారాయంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. శాస్త్ర సాంకేతిక మంత్రిత్వ శాఖల కింది సంస్థల వంటివాటికి 2025 జూన్‌లో సడలింపులిచ్చారు. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనే పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న జెమ్ పోర్టల్‌లో దొరకని ప్రత్యేక పరికరాలను బయట కొనడానికి సంస్థ డైరెక్టరే అనుమతించవచ్చు. ఇవి ప్రైవేటు కళాశాలలకు నేరుగా వర్తిస్తాయని అనుకోవద్దు, వారు తమ మంజూరు ఉత్తర్వులోని షరతులు చూసుకోవాలి.

డబ్బు చాలకపోవడానికి నాకు తోచిన మొదటి కారణం పన్ను. పరిశోధన పరికరాల మీద 5 శాతంగా ఉన్న రాయితీ జీఎస్‌టీని 2022 జులై 18 నుంచి తీసేశారు. పాత ప్రతిపాదనను చూసి ధర వేసినవారికి అక్కడే పెద్ద లోటు పడుతోంది. గ్రాంటు సొమ్ము మీదే పన్ను కట్టాలా అన్న వివాదం మాత్రం 2024 సెప్టెంబరు జీఎస్‌టీ మండలి సమావేశంతో తీరింది, పరిశోధన గ్రాంట్లకు మినహాయింపు ఇవ్వాలని అందులో నిర్ణయించారు. రెండో కారణం, అనలైజరు ఒక్కటే పరికరం అనుకోవడం. సున్నా సరిచూడటానికి నైట్రోజన్, పై అంకె సరిచూడటానికి తెలిసిన పాళ్లలో కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండరు, గాలి ప్రవాహాన్ని కొలిచే మీటరు, తేమను తీసే రసాయనం, యూపీఎస్, ఇవన్నీ లేకపోతే అది అంకెలు చూపించే పెట్టె మాత్రమే. సిలిండరుకు కట్టే డిపాజిట్ తిరిగివచ్చే డబ్బు, దాన్ని ఖర్చుగా రాయకండి. స్పెసిఫికేషన్‌ను ఒక కంపెనీ బ్రోచరు నుంచి దించుకోకుండా, మీ జంతువు బరువు ఎంత, అది వదిలే వాయువులో మీరు గుర్తించవలసిన అతి చిన్న తేడా ఎంత అన్న దగ్గర మొదలుపెట్టి రాయండి. అలా రాసిన స్పెసిఫికేషన్ మీద అభ్యంతరం వచ్చిన సందర్భం నాకు గుర్తులేదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో జంతు శరీరధర్మంలో పోస్ట్‌డాక్ చేస్తోంది. పరిశోధనకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో ప్రోగ్రామ్ ఆఫీసరు అనే ఉద్యోగం గురించి చెబుతోంది. డబ్బు ఇచ్చేది ఆయనేనా? – కృష్ణరాజపురం నుంచి ఒక తల్లి

జవాబు: డబ్బు ఇవ్వమని సిఫారసు చేసేది ఆ ఆఫీసరు, ఒప్పందం మీద సంతకం చేసే అధికారం వేరే గ్రాంట్ల విభాగానిది. 1950లో ఏర్పడిన ఆ సంస్థలో జీవుల మీద పరిశోధనను చాలా ఏళ్లుగా ఇంటిగ్రేటివ్ ఆర్గనిస్మల్ సిస్టమ్స్ విభాగం చూస్తూ వచ్చింది. విశ్వవిద్యాలయాల నుంచి రెండు మూడేళ్లకు డెప్యుటేషన్ మీద వచ్చిన శాస్త్రవేత్తలు కూడా అక్కడ ఆఫీసర్లుగా పనిచేస్తారు. సమీక్షలు తెప్పించడం, ప్యానెల్ నడపడం, శాస్త్రీయ విలువ, సమాజానికి కలిగే మేలు అనే రెండు కొలబద్దల మీద తూచి సిఫారసు రాయడం, మంజూరయ్యాక ఏటేటా నివేదికలు చదివి ఆమోదించడం వారి పని. గడువును ఒకసారి ఏడాది వరకు పొడిగించుకునే అధికారం అక్కడ విశ్వవిద్యాలయానికే ఉండేది. ఋతువు తప్పిపోయిన జీవశాస్త్రవేత్తకు అది ఎంత మేలో పై ఉత్తరాలు చదివినవారికి తెలుస్తుంది, ఇక్కడా అటువంటి వెసులుబాటు రావాలని నా కోరిక. అక్కడా అన్నీ బాగున్నాయని కాదు. పీహెచ్‌డీ విద్యార్థుల క్షేత్ర పనికి తోడ్పడిన చిన్న గ్రాంట్లను జీవశాస్త్ర విభాగాలు 2017లో ఆపేశాయి. చిన్న మొత్తాలతో పెద్ద ప్రశ్నలు అడగడం నేర్పిన పథకం అది. అమ్మాయికి ఆసక్తి ఉంటే ముందు సమీక్షకురాలిగా పనిచేయమనండి.

ప్రశ్న: ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్‌ను, మాది కర్నూలు. నాలుగు నెలలుగా ఫెలోషిప్ రాలేదు. గది అద్దె కట్టలేకపోతున్నాను. సార్‌ను అడగాలంటే మొహమాటం.

జవాబు: మొహమాటపడకండి, ఇది మీకు రావలసిన సొమ్ము. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37 వేలు, సీనియర్ ఫెలో అయిన ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42 వేలు, నగరాన్ని బట్టి ఇంటి అద్దె భత్యం. రెండో విడత విడుదల ఆగినప్పుడు ముందుగా ఆగేది మనుషుల జీతమే కావడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం, దానికి మీరు బాధ్యులు కారు. మీ సార్‌కు రెండు పేరాల ఉత్తరం రాసి, ఏ నెల నుంచి రాలేదో చెప్పి, ప్రతిని విభాగాధిపతికి ఇవ్వండి. ఓవర్‌హెడ్ నుంచి గాని సొంత నిధి నుంచి గాని సంస్థ ముందుగా చెల్లించి, అనుమతి ఉన్నచోట తర్వాత సర్దుబాటు చేసుకునే ఏర్పాటు చాలా చోట్ల ఉంది, మీ సంస్థలో ఉందేమో అడగమని ఆ ఉత్తరంలోనే కోరండి. మీ నియామక ఉత్తర్వులో పదవీకాలం ప్రాజెక్టు ముగిసే వరకు అని ఉందా, నిధుల లభ్యతను బట్టి అని ఉందా చూసి, ఆ వాక్యం నకలుతో నాకు మళ్లీ రాయండి. వచ్చే సంచిక కోసం ఆగకుండా విడిగా జవాబిస్తాను.